బిష్టుపూర్ చర్చిలో మామ్మ పరిచిన చాప

ఇవాళ అటక దులుపుతుంటే మామ్మ చాప దొరికింది. అంచుకు కుట్టిన ఎర్రగుడ్డ ఇంకా ఊడలేదు.

ఉక్కు కంపెనీ కద్మా క్వార్టర్లలో మాతో ఉన్నవాళ్లూ, గుర్తుందా? ఆదివారం ఈ చాప చంకన పెట్టుకుని మామ్మ బిష్టుపూర్‌లో దొరల కాలంనాటి చర్చికి బయలుదేరేది. అక్కడ పాలిష్ వాసన వేసే బెంచీలున్నా, గుమ్మంలో చెప్పులు విడిచి, ముందు వరస పక్కన నేలమీద చాప పరిచేది. మా శ్రీకాకుళం ఊళ్లో ఆరాధన అలాగే మరి.

ఒకసారి ముందు బెంచీ ఆవిడ వంగి, "మాజీ, యే గావ్ నహీ హై. బెంచ్ పే బైఠియే," అని, ఇది పల్లెటూరు కాదు, బెంచీ మీద కూర్చోమంది.

"దేవుడి ముందర కాళ్లు ఏలాడేసుకుని కూకోడమేటి? నానిక్కడే కూకుంతాను," అంది మామ్మ.

ప్రసంగం మధ్యలో ఆవిడ చంటిపిల్ల బెంచీ దిగి, పాక్కుంటూ వచ్చి మామ్మ పక్కన పడుకుంది. తల్లి ఎత్తుకోబోతే కెవ్వుమంది. పాదిరిగారు ప్రసంగం ఆపేశారు. అందరూ చూస్తున్నారు.

మామ్మ పక్కకు జరిగి, చాప మీద చోటు చూపించింది. "బైఠో బేటీ, జాగా హై."

ఆవిడ పట్టుచీరతోనే చాప మీద కూర్చుంది.

"అబ్ ఇస్ పే కౌన్ బైఠేగా, అమ్మా?" అని మా అమ్మాయి ఇందాక, దీనిమీద ఇంకెవరు కూర్చుంటారన్నట్టు నవ్వింది. నేను కూర్చుంటాను. ఈ ఆదివారం ఆ చర్చిలోనే, ముందు వరస పక్కనే పరుస్తాను. ఎవరైనా వద్దంటే, కాస్త జరిగి వాళ్లకూ చోటిస్తాను.