కంటిన్యుటీలో ఉన్న పిల్ల

మా బడిలో నా కుర్చీ మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల పక్కన ఉండేది. కౌన్సెలర్‌కి ఒక గది కావాలండీ, పిల్లలు తలుపేసుకుని నాలుగు మాటలు చెప్పుకునే చోటు కావాలండీ అని నేను అడిగితే, హెడ్మాస్టరు గారు బియ్యం గది తాళంచెవి నా చేతిలో పెట్టి దీనికి తలుపుంది అన్నారు. పాపం, ఆయన వెటకారం చేయలేదు. ఆ బడిలో తలుపు సరిగ్గా పడే గది నిజంగా అదొక్కటే.

ఫిల్మ్ నగర్ కొండ దిగువన, బస్తీ పిల్లల సర్కారు హైస్కూలు అది. తండ్రులు కార్లు నడుపుతారు, షూటింగుల్లో లైట్లు మోస్తారు. తల్లులు జూబ్లీ హిల్స్ ఇళ్లల్లో గిన్నెలు తోముతారు. అన్ని వందల మంది పిల్లలకీ కౌన్సెలర్ని నేనొక్కదాన్నే. ఎవరు బడి మానేసేలా ఉన్నారో కనిపెట్టాలి, ఇంటికెళ్లి బతిమాలాలి, తిట్లు తినాలి, మళ్లీ తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాలి. నా జీతం ప్రభుత్వం ఇవ్వదు, సినిమా వాళ్లు నడిపే ఒక ట్రస్టు ఇస్తుంది. పిల్లలు నన్ను ‘మాటల మేడం’ అనేవాళ్లు. నాకు కోపం ఎక్కువ కాబట్టి టీచర్లు ఏమనేవాళ్లో ఎవరూ నా దాకా తేలేదు.

ఆ ఏడాది పదో తరగతిలో ఒక పిల్ల బడికి రావడం మానేసింది. తండ్రి లేడు. తల్లి రెండు ఇళ్లల్లో పనిచేసేది. బాత్రూమ్ కడుగుతూ జారిపడి తల్లి మణికట్టు విరిగితే, ఆ రెండిళ్ల గిన్నెలూ ఈ పిల్ల చేతికి వచ్చాయి. కట్టు విప్పాక కూడా గిన్నెలు తల్లి చేతికి తిరిగి వెళ్లలేదు. చిన్నపిల్ల కదా, చురుగ్గా చేస్తోందని ఇళ్లవాళ్లకి నచ్చింది. నేను ఆ ఇళ్లకి వెళ్లాను. ఒకావిడ గేటు దగ్గరే నిలబెట్టి, "చదువు మానమని మేమన్నామా అండీ? పని మానొద్దన్నాం, అంతే" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తల తినీ తినీ, పొద్దుటి పని తల్లికీ సాయంత్రం పని పిల్లకీ అని ఒప్పించి, దాన్ని మళ్లీ బళ్లోకి తెచ్చాను. వచ్చిన వారానికే లెక్కల టీచరు నా దగ్గరికొచ్చి, ఈ పిల్లతోనా ఇన్నాళ్లూ అంట్లు తోమించింది అని కళ్లు పెద్దవి చేసింది. దాని బుర్ర అలాంటిది. పదో తరగతి గట్టెక్కితే చాలు, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఆపలేరని నేను గట్టిగా నమ్మాను.

ట్రస్టు నడిపేది ఒక నిర్మాతగారి భార్య. జూబ్లీ హిల్స్‌లో ఇల్లు, చాలా మంచి మనిషి. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. నేను వెళ్లి, అమ్మా ఒక్కదాన్ని చాలను, ఒకర్ని వెనక్కి తెచ్చేలోపు నలుగురు జారిపోతున్నారు, కనీసం ఇంకో ముగ్గురు కౌన్సెలర్లని ఇవ్వండి అని మొత్తుకున్నాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు, కాఫీ ఇప్పించారు. ముగ్గురి జీతాలు తన ఒక్కదాని వల్ల కాదనీ, పరిశ్రమలో పెద్దల్ని పిలిచి ఒక ఫంక్షన్ చేసి అడుగుదామనీ అన్నారు. సినిమా వాళ్లకి కాగితం మీద చెబితే నిద్రొస్తుంది, తెర మీద చెబితే ఏడుస్తారు. కాబట్టి ఒక చిన్న ఫిల్మ్ తీయాలి. ఎవరి మీద అంటే, వెనక్కి తెచ్చిన పిల్ల నా దగ్గర ఉండనే ఉంది.

ఫిల్మ్ తీసింది ఒక కుర్ర డైరెక్టరు. స్టూడియోలో ఏదో డైలీ సీరియల్ చేస్తూ, దీన్ని పుణ్యానికి ఒప్పుకున్నాడు. పిల్ల వేషం పిల్లే వేసింది, తల్లి వేషం తల్లే. బడి మానేసిన రోజు తీయాలి. అసలు ఆ రోజు ఏం జరిగిందయ్యా అంటే ఏమీ జరగలేదు. తల్లి కట్టు కట్టిన చెయ్యి చూపించింది, పిల్ల సంచీ మేకుకి తగిలించి గిన్నెలు తోమడానికి వెళ్లింది. అదే తీశాడు. చూసుకుని పెదవి విరిచాడు. ఫ్లాట్‌గా ఉందండీ, తల్లి ఒక్కటి కొడితే పండుతుందండీ అన్నాడు. నేను పోట్లాడాను. ఆ తల్లి దాన్ని ఎప్పుడూ కొట్టలేదయ్యా అన్నాను. షూటింగు చూడ్డానికొచ్చిన ట్రస్టు మేడంగారు నా భుజం మీద చెయ్యి వేసి, ముగ్గురు కౌన్సెలర్లు అని గుర్తు చేశారు.

తల్లి మొదట ఉత్తుత్తిగా కొట్టింది. గట్టిగా అన్నాడు. కొంచెం గట్టిగా కొట్టింది. కెమెరాకి తెలిసిపోతుందమ్మా, నిజంగా కొట్టాలి అన్నాడు. చివరికి ఆవిడ, ఏ కసి గుర్తొచ్చిందో ఏమో, విరిగి అతుక్కున్న ఆ చేత్తోనే ఈడ్చి కొట్టింది. పిల్ల చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి. అది తల్లి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది, ఎప్పటికో కళ్లు నిండాయి. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. తల్లి మాత్రం పక్కకెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఆ కన్నీళ్లు ఆ కుర్రాడికి తెగ నచ్చాయి. తన సీరియల్లో జూనియర్ కాలేజీ సీన్లు నడుస్తున్నాయి, గుంపులో కూర్చోడానికి ఆడపిల్లలు కావాలి అన్నాడు. మొదట ఆదివారాలే వెళ్లింది. తర్వాత శనివారాలు కలిశాయి. డిసెంబరు దాటేసరికి సోమవారాలూ మంగళవారాలూ కూడా షూటింగే. గిన్నెల్లోంచి లాగి నేను బెంచీ మీద కూర్చోబెడితే, మా ట్రస్టు ఫిల్మే దాన్ని ఆ బెంచీ మీంచి లేపుకుపోయింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టయింది నా పని.

బస్తీలో వాళ్లింటికి వెళ్లి తల్లిని చెడామడా తిట్టాను. ఆవిడ నన్ను అరవనిచ్చింది. నేను ఆయాసపడి ఆగాక నింపాదిగా చెప్పింది.

"మీరు ఇంత సదువుకున్నరు గద మేడం. మీరేడ కూసున్నరు? బియ్యం బస్తాల కాడ."

నేను గడప మీద కూలబడ్డాను. ఆవిడే మళ్లీ జాలిపడి మంచినీళ్లిచ్చి, పరీక్షలు మాత్రం రాయిస్తానని పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఆ ఒట్టులో అబద్ధం లేదని ఇప్పటికీ చెబుతాను. పరీక్షలు మొదలయ్యాక తెలుగు, హిందీ, ఇంగ్లీషు రోజుల్లో తనే ఆటోలో తెచ్చి కేంద్రం దగ్గర దింపింది.

లెక్కల పరీక్ష ముందు రోజు సెలవు. ఆ రోజు షూటింగుకి వెళ్లారు. సాయంత్రం తల్లి నాకు ఫోన్ చేసింది, గొంతులో పండగ. సీరియల్లో పరీక్ష హాలు సీను తీస్తున్నారట. మా పిల్ల ఎప్పటిలా ఆఖరి బెంచీలో కూర్చుంటే, ఆ డైరెక్టరు గుర్తుపట్టి, ఈ అమ్మాయి అక్కడేంటి అని తనే లేపుకొచ్చి హీరోయిన్ వెనక బెంచీలో కూర్చోబెట్టాడట. నేనూ సంతోషించాను. మరి రేపు లెక్కలు కదా అంటే, సీను కొంచెం మిగిలింది, పొద్దున్నే ఆరింటికి రమ్మన్నారు, ఎనిమిదింటికల్లా వదిలేస్తామన్నారు అంది. సరే, త్వరగా పడుకోమనండి అన్నాను.

ఇన్నేళ్లు ఆ కొండ కింద ఉద్యోగం చేశాను కదా, కంటిన్యుటీ అంటే ఏమిటో నాకు తెలీదు. ఆఖరి బెంచీ వాళ్ల మొహాలు మసకగా పడతాయి, వాళ్లల్లో ఒకరు లేచిపోయినా ఎవరికీ పట్టదు. హీరోయిన్ వెనక కూర్చున్నవాళ్లు ప్రతి షాట్‌లోనూ కనిపిస్తారు. ఒకసారి అక్కడ కూర్చుంటే సీను పూర్తయ్యేదాకా అదే బట్టలతో అక్కడే ఉండాలి. లేస్తే అంతకు ముందు తీసిందంతా దండగ. ఆ డైరెక్టరు దాని మీద అభిమానంతోనే ముందుకు తెచ్చాడు. ఆ అభిమానమే దాని కొంప ముంచింది.

మర్నాడు శ్రీనగర్ కాలనీ దగ్గర పరీక్ష కేంద్రం గేటు ముందు నేను నిలబడ్డాను. పిల్లలందరూ లోపలికి పోతున్నారు, ఇది లేదు. తల్లికి ఫోన్ చేస్తే గుసగుసగా, ఇంకొక్క షాటే మేడం అంది. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. ఆటో ఎక్కి స్టూడియోకి పరిగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఏ కంపెనీ అన్నాడు. హైస్కూలు అన్నాను. గేటు తీయలేదు. మేడంగారి పేరు చెబితే తీశాడు.

లోపల సెట్టు చూసి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. ఎంత బాగుందో ఆ పరీక్ష హాలు! ప్రతి బెంచీ కొత్తది, ప్రతి ఫ్యానూ తిరుగుతోంది. మా పిల్ల ఇస్త్రీ యూనిఫాంలో, రెండు జడలకి ఎర్ర రిబ్బన్లతో, తల వంచుకుని తెల్ల కాగితం మీద పెన్ను కదుపుతోంది. తల్లి తెర చాటున దాని పరీక్ష అట్టా, హాల్ టికెట్టూ గుండెకి ఆనించుకుని నిలబడింది. హీరోయిన్ కారవాన్ దిగడమే ఆలస్యమైందట, ఇప్పుడే మొదలైందట. నేను మేనేజరు దగ్గరికెళ్లి, ఈ పిల్లకి నిజం పరీక్ష ఉంది, వదలండి అన్నాను.

"కంటిన్యుటీలో ఉందండీ ఆ అమ్మాయి. లేపడానికి కుదరదు" అన్నాడు, ఏదో రోగం పేరు చెప్పినట్టు.

అప్పటికి పరీక్ష మొదలయ్యే వేళ, తొమ్మిదిన్నర అవుతోంది. నాకు ఒళ్లు తెలియలేదు. షాట్ నడుస్తోందని కూడా చూడకుండా దాన్ని పేరు పెట్టి కేకేశాను. కట్ అన్నారు. యూనిట్ అంతా నా వైపు తిరిగింది. హీరోయిన్ విసుక్కుంటూ పెన్ను కింద పడేసింది. ఎవరో నన్ను బయటికి పంపమన్నారు. మా పిల్ల మాత్రం లేవలేదు. రెండు చేతులూ బెంచీ కింద జోడించి, వెళ్లిపొమ్మని కళ్లతోనే బతిమాలింది. ఆ షాట్ మళ్లీ మొదటినుంచీ తీశారు. నా నోటివల్ల ఇంకాస్త ఆలస్యమైంది. బయట ఎండలో నేనూ తల్లీ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం. దాన్ని వదిలేసరికి కేంద్రం గేటు మూసేశారు.

సప్లిమెంటరీ ఉంది కదా అన్నారు అందరూ. హెడ్మాస్టరు గారు అన్నారు, మేడంగారు అన్నారు, ఆ డైరెక్టరు కూడా పాపం ఫోన్ చేసి సారీ చెప్పి మరీ అన్నాడు. మిగతా పరీక్షలకి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఫలితాలొచ్చాయి. అన్నింట్లోనూ మంచి మార్కులు, లెక్కల దగ్గర ఆబ్సెంట్. సప్లిమెంటరీ నాటికి సీరియల్లో దానికి ఒక డైలాగు ఇచ్చారు. డైలాగున్న పిల్ల రాకపోతే షూటింగే ఆగిపోతుందట. నేను ఇంటికి వెళ్లాను, తిట్టాను, ఏడ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వచ్చే ఏడు రాస్తది తియ్ మేడం అంది తల్లి. పిల్ల నా కళ్లలోకి చూడకుండా రిబ్బన్లు చుట్టి పెట్టుకుంది.

వానాకాలంలో ఫంక్షన్ జరిగింది. జూబ్లీ హిల్స్‌లో పెద్ద హాలు, పరిశ్రమలో పెద్దలందరూ వచ్చారు. తెర మీద ఆ చెంపదెబ్బ పడగానే పట్టుచీరలు కళ్లొత్తుకున్నాయి. ఫిల్మ్ అయ్యాక ఆ పిల్లని వేదిక మీదికి పిలవాలని మేడంగారి ఏర్పాటు. నేను ఆవిడని పక్కకి తీసుకెళ్లి, అమ్మా ఆ పిల్ల ఇప్పుడు చదవడం లేదు, టెన్త్ కూడా పాస్ కాలేదు, ఈ మాట మీకు ఫోన్లో కూడా చెప్పాను అన్నాను. ఆవిడ మొహం నిజంగానే వాడిపోయింది. నా చెయ్యి పట్టుకున్నారు.

"ఈ ఒక్క పూటకి ఆ మాట వద్దులెండి. మీరడిగిన ముగ్గురూ వస్తే, రేపు ఇంకో పిల్లకి ఇలా జరగదు కదా" అన్నారు.

ఆ మాట నేను ఆవిడకి నేర్పిందే. ఇంటర్ ఫస్టియర్ అని చెప్పమని పిల్లకి ఎవరో చెప్పి వెళ్లారు. అది వేదిక మెట్ల దగ్గర నా పక్కన నిలబడింది. అప్పటికి దానికి మైకులన్నా లైట్లన్నా బెరుకు పోయింది. నా చెవి దగ్గరికి వంగి, మామూలుగా అడిగింది.

"మేడం, ఏ గ్రూప్ అని చెప్పాలె?"

ముందు నిలబడ్డ ఈవెంట్ కుర్రాడు వెనక్కి తిరిగి, బైపీసీ అను, డాక్టర్ అవుతానను, బాగుంటుంది అన్నాడు. అది బుద్ధిగా తలూపింది. పైకి వెళ్లి చెప్పింది. ఎక్కడా తడబడలేదు. బడి మానేసిన తనని కౌన్సెలర్ మేడం ఎలా వెనక్కి తెచ్చిందో చెబుతూ సరైన చోట ఆగింది, సరైన చోట కళ్లు నింపుకుంది. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముగ్గురికీ జీతాలు అక్కడికక్కడే ఖాయమయ్యాయి. వచ్చే సోమవారం చేరతారని హెడ్మాస్టరు గారు నాతో అని, వాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలో అని దిగులుపడ్డారు.

పిల్ల దిగి వచ్చింది. మర్నాడు పొద్దున్నే షూటింగు ఉందట, తల్లి బయట ఆటో ఆపి పెట్టింది. వెళ్లబోతూ ఆగి నా వైపు తిరిగింది.

"మంచిగ చెప్పిన్నా మేడం?"

"బాగా చెప్పావమ్మా" అన్నాను.

అది నవ్వింది. బళ్లో లెక్క సరిగ్గా చేసినప్పుడు కూడా అది ఎప్పుడూ అలా నవ్వలేదు.