ఇల్లు పాడుపెట్టకూడదని

మొన్న తిరుపతిలో మేముండే అద్దె ఇంటి పక్క వాటాలో ఒక ముసలామె చివరి ఊపిరి మీద ఉంటే, ఇంటామె మెట్ల మీద నిలబడి, ఇక్కడ పోతే మళ్లీ అద్దెకు ఎవరూ రారు, ఎక్కడికైనా తీసుకుపోండి అన్నది. కొడుకులు తల్లిని ఆటోలో ఎక్కించారు. నాకు ఆశ్చర్యం కలగలేదు, ఉమ్మేయబుద్ధి అయింది, అంతే. ఇది రాసిపెడుతున్న మనవరాలు ఆ మాట తీసేద్దామంటోంది, ఉండనీ. నా తోడబుట్టినవాళ్లు ఆ పని ఎనభైల మొదట్లోనే చేశారు, అదీ సొంత ఇంట్లో.

పాకాల దగ్గర మా పల్లెలో అమ్మ మంచం పట్టింది. మొగుడు పోయి పుట్టింటికి చేరినదాన్ని కాబట్టి చాకిరీ నాది. అన్నలిద్దరూ, వదినలు, ఐరాల నుంచి దిగిన బంధువులు మంచం చుట్టూ చేరి కాఫీలు తాగి ముక్కులు చీదేవాళ్లు. అమ్మ కోరిక ఒకటే, నాయనతో కలిసి తాను మట్టి తొక్కి గోడలు పెట్టిన ఆ ఇంట్లోనే కన్ను మూయాలని. ఇంతలో పెద్దన్న పంచాంగం తిప్పి, రేపటి నుంచి నక్షత్రం చెడ్డది, ఇంట్లో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టి తలుపులు మూసుకుని పోవాలి అని తేల్చాడు. అప్పటిదాకా అమ్మను చూసి ఏడ్చిన మొహాలన్నీ గోడల వైపు, దూలాల వైపు తిరిగాయి.

నేను అడ్డం పడ్డాను. "మొగుణ్ణి మింగి వచ్చినదానివి, నచ్చత్రాల సంగతి నీకేంటికి?" అని పెద్దవదిన ఎగిరింది. ఆ మాటకు అన్నల నోరు లేవలేదు, మంచం ఎత్తడానికి మాత్రం చేతులు లేచాయి. ఆవును పక్కకు కట్టి అమ్మను పశువుల కొట్టంలో దించారు.

అమ్మ కళ్లు తెరిచి పైన గడ్డి కప్పు చూసింది. "నన్ను ఈడికేంటికి తెచ్చినార్రా?"

"గాలి బాగా తగుల్తాదని, అమ్మా," అన్నాడు పెద్దన్న.

"గాలి నాకా, ఇంటికా?"

వాడు తులసి నీళ్లు పోయబోతే మొహం తిప్పుకుని, "ఇదొద్దు, కాఫీ ఉంటే తే," అన్నది.

ఆమె నిట్టూరిస్తే వాళ్లు ఉలిక్కిపడడం, దగ్గితే పంచాంగం తీయడం. తల్లి చావు కోసం అంత శ్రద్ధగా కాచుకున్న బిడ్డలను నేను మళ్లీ చూడలేదు. చెడ్డ నక్షత్రాలన్నీ దాటిపోయినా అమ్మ పోలేదు. ఇక భయం లేదని కొడుకులు మంచం ఎత్తడానికి వస్తే, ఆవు గంగడోలు నిమురుతూ, "ఇల్లు మీరే భద్రంగా పెట్టుకోండ్రా, నాకు ఈడ బాగుండాది," అన్నది. మళ్లీ లోపలికి పోలేదు. మంచి నక్షత్రంలోనే, పేడ వాసనలో, నా ఒళ్లో పోయింది. పుణ్యాత్మురాలు, ఇంటికి కీడు తగలనీయలేదని పెద్దన్న కర్మాంతరం నాడు గొప్పగా చెప్పుకున్నాడు. వడలు నములుతున్న బంధువులు తలలూపారు.

ఇప్పుడు పంచాంగం తిప్పే పని కూడా లేదు. మనుషులు మారిపోయారని నా ఈడువాళ్లు అంటారు గాని, నాకట్లా కనబడదు. మా అమ్మను ఇంట్లోంచి మోసుకుపోతే దించడానికి ఒక కొట్టం ఉండేది, మేత మాని ఆమె వైపు తిరిగిన ఆవు ఉండేది. మొన్న ఆటోవాడు "యాడికి పోవాల?" అని అడిగితే, ఆ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.