మబ్బుకి ముందే

మార్చి సగం దాటి బడులు ఒంటిపూటకి మారాయంటే మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళుండరు. ‘వాతావరణ కేంద్రం’ అంటారు. “వాతావరణ కేంద్రం గారూ, కాఫీ పడే అవకాశం ఉందా, లేక ఇవాళ్టికి పొడి వాతావరణమేనా?” అని మా ఆయన పొద్దున్నే మొదలెడతారు. అననీ, నాకేం. ఫోన్లో మూడు యాప్‌లు పెట్టుకున్న మాట నిజమే. ఒకదాంట్లో మేముండే నందిగామ, ఒకదాంట్లో పొలం ఉన్న జగ్గయ్యపేట చూస్తా. ఆ రెండూ నిజమే చెప్తున్నాయో లేదో తేల్చుకోడానికి మూడోది. మూడూ మూడు రకాలుగా చెప్పిన రోజున ఎవర్నీ నమ్మకుండా డాబా ఎక్కి ఆకాశం చూస్తా.

మా వైపు ఎండ గురించి బయటివాళ్ళకి చెప్తే అతిశయం అనుకుంటారు. అటు పేట దగ్గర అంతా సున్నపురాయి నేల. పగలు పీల్చుకున్న వేడిని రాత్రికి మనకే తిరిగిస్తుంది. బడి వదిలాక స్కూటీ సీటు మీద నీళ్ళు పోస్తే గానీ కూర్చోలేం. ఫోన్ ఏమో ‘నలభై మూడు డిగ్రీలు, నలభై ఏడులా అనిపిస్తుంది’ అని రాస్తుంది. అది చదివి వినిపిస్తే మా అత్తగారు, “అనిపించేదేంటమ్మాయ్ మధ్యలో? ఎంతైనా ఉడికేది మనమేగా,” అన్నారు. మధ్యాహ్నం పూట పిడుగుల మెసేజీ వస్తుంది, చెట్ల కింద నిలబడకండని. ఆ ఎండలో చెట్టు కింద కాకపోతే ఇంకెక్కడ నిలబడతామో మాత్రం అందులో రాయరు.

నా ఈ పిచ్చి ఇంట్లో అందరికీ నవ్వులాటగానే ఉండేది, కిందటేడు మా అత్తగారు మిరప వేసేదాకా.

మావయ్యగారు పోయాక పేట అవతల ఉన్న ఆ పొలాన్ని పక్క రైతుకి కౌలుకిచ్చేసి, ఆవిడ నందిగామలో మా దగ్గరికి వచ్చేశారు. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు అన్నం తింటూ, చారు పోసుకుంటున్నంత మామూలుగా, “ఈ ఏడు పొలం నేనే చేస్తా,” అన్నారు. మా ఆయన గరిటె కింద పెట్టేశారు. హైదరాబాదు నుంచి మా మరిది ఫోన్లో గంట సేపు నచ్చజెప్పాడు. మోకాళ్ళు, బీపీ, తెగుళ్ళు, కూలీలు దొరక్కపోవడం, అన్నీ అయ్యాయి. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి అన్నదమ్ములిద్దరూ ఒక మాట అనుకున్నారు. “ఈ ఒక్క ఏడాదే అమ్మా. పంట సరిగ్గా ఇంటికొచ్చిందా, అప్పుడు చూద్దాం. ఏ కాస్త తేడా వచ్చినా మళ్ళీ కౌలుకే.” ఆవిడ సరేనని మజ్జిగ కలుపుకున్నారు.

ఆ రోజు నుంచీ ఆవిడ మనిషి మారిపోయారండి. పొద్దున్నే నా టిఫిన్ డబ్బాతో పాటు తన డబ్బా కూడా కట్టేసుకుని, పేట బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని పొలానికి పోయేవారు. సాయంత్రం వచ్చి ఏ మొక్కకి ఏ పురుగు తగులుకుందో చెప్పేవారు. నేను బడిలో పిల్లల కబుర్లు చెప్పేదాన్ని. మాది పోటీ. మోకాళ్ళ నొప్పి మాట ఎక్కడ పోయిందో తెలీదు. కౌలు పోగొట్టుకున్న పక్క రైతు కూడా మంచివాడే. ఆవిణ్ణి పిన్నీ అంటూ మందుల దగ్గరా నీళ్ళ దగ్గరా సాయపడుతూనే ఉండేవాడు. అయితే అవకాశం దొరికినప్పుడల్లా, “వచ్చే ఏడు పొలం నాకే కదన్నయ్యా?” అని మా ఆయన్ని అడుగుతూనే ఉండేవాడు.

మొదటి కోతలు బాగానే వెళ్ళాయి. ఏప్రిల్లో ఆఖరి కోత కాయ కల్లంలో ఆరబోశాం. ఎర్రగా, నిగనిగలాడుతూ, చూస్తే కళ్ళు మండేలా ఉంది. ఇంకొక్క రోజు ఎండితే గోతాలకెత్తేయొచ్చు. సరిగ్గా అప్పుడే నా మూడు యాప్‌లూ ఏకమయ్యాయి. రేపు మధ్యాహ్నం నుంచి ఉరుములు, ఈదురుగాలి, వడగళ్ళు. మెసేజీ కూడా వచ్చింది.

ఎండిన మిరప తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది. తాలు కాయ అంటారు. దాన్ని చూసి మొహం తిప్పుకోని వ్యాపారి ఉండడు. బరకాలు కప్పొచ్చు కదా అంటారేమో, మా వైపు ఏప్రిల్ గాలికి రేకులే లేచిపోతాయి, బరకాలెంత. ఆఖరి కోత తాలైపోయిందంటే ఏడాదంతా ఆవిడ పడ్డ కష్టం ఒకెత్తు, కొడుకులకి దొరికే సాకు ఇంకో ఎత్తు. ఆవిడ మళ్ళీ మా డాబా మీద కుండీల్లో కరివేపాకు పెంచుకుంటూ కూర్చోవాలి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

కాయ ఎత్తడానికి మనుషులు కావాలి. ఇదివరకైతే వాన వచ్చే సంగతి ఎవరో ఇద్దరు ముసలాళ్ళకి తెలిసేది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఫోనే కదా, ఊళ్ళో రైతులందరికీ ఒకేసారి తెలిసిపోయింది. సాయంత్రానికి మా వైపు కూలీల ముఠా ఒక్కటీ ఖాళీ లేదు. వీరులపాడు దాకా అడిగించాం. చివరికి పక్క రైతే ఒక నంబరిచ్చాడు. సరిహద్దు అవతల కోదాడ వైపు ఆడవాళ్ళ ముఠా, అక్కడ కాయ పని అయిపోయింది, ఖాళీగా ఉన్నారన్నాడు.

మా అత్తగారు నా చేత ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించారు. ముఠా పెద్ద గలగలా మాట్లాడే మనిషి.

“రేపు కల్లంలో కాయ ఎత్తాలమ్మా. ఎప్పుడొస్తారు?” అడిగారు మా అత్తగారు.

“రేపు మబ్బుల వస్తం పెద్దమ్మా.”

మా అత్తగారు నా మొహం చూశారు. “మబ్బుల్లోనా?”

“ఆఁ, మబ్బులనే. ఎండల జేసుడు మాతోని కాదు.”

మా అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. “మబ్బు పట్టాక వచ్చి ఏం చేస్తారమ్మా, చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికా? వచ్చేదుంటే మబ్బుకి ముందే రండి. లేకపోతే అసలు రావద్దు.”

“మబ్బుకు ముందా?”

“ఆఁ, ముందే.”

“గంత ముందా? జర కష్టమే పెద్దమ్మా. సరే, జూస్తం,” అని పెట్టేసింది.

“చూస్తారట,” అన్నారు మా అత్తగారు. “ఎండకి కందిపోతారట, మబ్బు పడితే గానీ రారట. ఎక్కడి కూలీలమ్మా వీళ్ళు, గొడుగు పట్టాలా?” నాకూ ఒళ్ళు మండింది. నేనూ నాలుగు మాటలు కలిపా. మా ఆయన మాత్రం సోఫాలోంచి లేవకుండా, “అందుకే చెప్పా, ఈ వయసులో ఎందుకీ తలనొప్పి అని,” అన్నారు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, మర్నాడు మాకు కావలసిన మజ్జిగకి పాలు తోడు పెట్టడం మొదలెట్టారు. అంటే మేం ముగ్గురమే వెళ్ళి ఎత్తాలన్నమాట. నేను హెడ్మాస్టరు గారికి సెలవని మెసేజీ పెట్టా. మా ఆయన సణుగుతూనే కారులో పెట్రోలు కొట్టించుకొచ్చారు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. దారి పొడుగునా మా ఆయన ఆకాశం చూపిస్తూ, “వాతావరణ కేంద్రం వారి ప్రకటన ఏమైనట్టు?” అని ఒకటే నస. పేటలో ఇడ్లీలు కట్టించుకున్నాం. మా అత్తగారు వెనక సీట్లో కూర్చుని, కాయంతా ముగ్గురం ఎత్తడానికి ఎంత సేపు పడుతుందో వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నారు. ఎన్నిసార్లు లెక్కేసినా సరిపోవడం లేదని ఆవిడ మొహమే చెప్తోంది. లెక్కల టీచర్ని, నాకూ సరిపోలేదు.

కల్లం దగ్గర కారాగింది. ముందు మా అత్తగారే దిగారు. దిగినావిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కల్లంలో కాయ లేదు. ఊడ్చినట్టుంది నేల. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొంగతనం తప్ప ఇంకో ఆలోచన రాలేదు. “అబ్బాయ్, కాయేదిరా?” అన్నారు ఆవిడ. మా ఆయన సణుగుడంతా మానేసి, చటుక్కున వచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు రేకుల షెడ్డు వెనక నుంచి నవ్వులు వినపడ్డాయి. వెళ్ళి చూస్తే షెడ్డు నిండా గోతాలు, మూతులు కుట్టేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కన వేపచెట్టు నీడలో ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని సద్ది తింటున్నారు. గొంతుని బట్టి ముఠా పెద్దని నేనే పోల్చుకున్నా. మమ్మల్ని చూసి ఆవిడ చెయ్యైనా కడుక్కోకుండా లేచి నిలబడింది.

“గిదేం కోరిక పెద్దమ్మా? మబ్బుల వస్తమంటే కాదంటివి. మబ్బుకు ముందే రమ్మంటివి. మబ్బుకు ముందు ఇంకేముంటది, నడిజామే కద. కండ్లకు నిద్ర లేకుంట వచ్చినం.”

మా అత్తగారికి అర్థం కాలేదు. “మబ్బు పట్టేదాకా ఆగకుండా వచ్చారు, మంచిదే గానీ, నడిజామేంటమ్మా?”

“మబ్బంటే తెల్లారకముందు పెద్దమ్మా. చీకటి ఉంటది చూడు, గది.”

“మరి వానొచ్చే ముందు ఆకాశంలో పట్టేదాన్నేమంటారు?”

“దాన్ని మొగులంటం. ఏం, మీ తాన మొగులు లేదా?”

మా అత్తగారు గోతాం మీద కూలబడి నవ్వడం మొదలెట్టారు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళు. ముఠా అంతా పగలబడి నవ్వారు. ఎండలో చేయలేమంటే వీళ్ళు గొడుగు కోసం చూసే రకమనుకున్నాం. తీరా చూస్తే ఎండెక్కకముందే పని కానిచ్చేయాలని తొందరపడేవాళ్ళు. చీకట్లో గోతాలెక్కడున్నాయో, షెడ్డు తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళకెలా తెలిసిందంటే, తన కల్లంలో కాపలా పడుకున్న పక్క రైతు లేచి, పిన్నే పంపిందనుకుని, టార్చి పట్టుకుని అన్నీ చూపించాడట. మేం తెచ్చిన ఇడ్లీలూ మజ్జిగా వాళ్ళకే పెట్టేశాం. మా అత్తగారు ఒక్కొక్కరి కొంగులో దోసెడు మిరపకాయలు పోసి మరీ ఆటో ఎక్కించారు.

పొద్దెక్కే కొద్దీ ఎండ దంచింది. మధ్యాహ్నం దాటాక పడమర నల్లబడింది. మా ఆయన అప్పుడు నోరు మూసుకున్నారు. గాలి లేచి దుమ్ము కళ్ళలో కొట్టింది, వెంటనే చినుకులు, ఆ వెనకే వడగళ్ళు. రేకుల మీద ఆ మోతకి ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి, కాయ ఉండాల్సిన చోట వడగళ్ళు ఎగిరెగిరి పడుతుంటే చూశా. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఇంత సంబరం నాకే అయితే ఆవిడకెలా ఉండాలి. ఆవిడ మాత్రం గోతాల మధ్య కూర్చుని, ఒక గోతాం మూతి కుట్టు వదులైందని దబ్బనంతో బిగిస్తున్నారు.

అంతలో తడుచుకుంటూ పక్క రైతు షెడ్డులోకొచ్చాడు. తువ్వాలుతో తల తుడుచుకుని, గోతాలన్నీ ఒకసారి కలయజూసి, మా ఆయన పక్కన చేరాడు. వానకి తగ్గట్టు గొంతు పెంచి, ఎప్పుడూ అడిగేదే అడిగాడు. “అన్నయ్యా, వచ్చే ఏటికి పొలం నాకే కదా?”

మా అత్తగారి చేతిలో దబ్బనం ఆగింది. తలెత్తలేదు.

“నన్నడుగుతావేంటి తమ్ముడూ,” అన్నారు మా ఆయన. “రైతు అక్కడ కూర్చునుంది. ఆవిణ్ణడుగు.”

ఆ నేలలో ఆవిడ నాట్లేశారు, కలుపు తీశారు, నడుం విరిగేలా కాయ కోశారు. రైతు అన్న మాట మాత్రం ఎప్పుడూ మావయ్యగారికే చెందేది.

ఆవిడ తలెత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమన్నావురా? వాన మోతకి వినపళ్ళేదు,” అన్నారు.

వినపడింది. ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మా ఆయనకీ తెలిసింది. అయినా నాలుగడుగులు దగ్గరికెళ్ళి, ఇంకోసారి గట్టిగా చెప్పారు.