భూమన్న వేయని మొదటి బంతి

భూమన్న పోయాడట.

నిన్న పొద్దున్న ఇక్కడ కాకినాడలో కూరగాయల బండి దగ్గర ఉండగా సౌదీలోని అల్ ఖోబర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆయన రూమ్మేట్ పంపాడు. రెండుసార్లు విన్నాను. నమ్మకం కలగలేదు. బండాయన "అమ్మా, వంకాయలు తూచమంటారా?" అని అడుగుతూనే ఉన్నాడు.

యాభై రెండేళ్లు. గుండెపోటు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. భూమన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఖోబర్‌లో మేమున్న కాంపౌండ్‌లో, అంటే విదేశీ ఫ్యామిలీలుండే గేటెడ్ కాలనీలో, బేస్‌బాల్ గ్రౌండ్ చూసుకునేవాడు. నీళ్లు పట్టడం, మట్టి చదును చేయడం, సున్నంతో గీతలు గీయడం, అన్నీ ఆయనే. ఉద్యోగం మాత్రం ఒక మెయింటెనెన్స్ కంపెనీలో.

నాకు ఆ ఆట నేర్పింది కూడా ఆయనే.

"మా చిర్రగోనె లెక్కనే మేడమ్. గని మూడుపాలి తప్పితె ఇగ ఇంటికే." మా గూటీబిళ్లనే వాళ్లు చిర్రగోనె అంటారు.

పైపుతో చెట్లకు నీళ్లు కొడుతూనే ఎవరు అవుటో అంపైర్ కంటే ముందు చెప్పేసేవాడు.

మేమక్కడ ఉన్న చివరి ఏడాది కాంపౌండ్ స్పోర్ట్స్ కమిటీ సీజన్ కార్డులు పెట్టింది. పోస్టర్ డిజైన్ చేసింది నేనే. కార్డు తీసుకుంటే టీమ్ క్యాప్, నంబర్ వేసిన సీట్ కుషన్, ప్రాక్టీస్ మ్యాచ్ రోజు ఫ్రీ బర్గర్, ప్లేయర్స్‌తో ఫోటో. అన్నిటికంటే పెద్దది లక్కీ డ్రా. అందులో గెలిచినవాళ్లు ఓపెనింగ్ రోజు మొదటి బంతి వేయొచ్చు.

భూమన్న ఆ పోస్టర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇండ్ల అందరికీ అని రాసిండ్రు. అండ్ల నేను గూడ వస్తనా మేడమ్?"

"ఎందుకు రారు? తీసుకోండి," అన్నాను.

తీసుకున్నాడు. సొంత డబ్బుతో.

ప్రాక్టీస్ మ్యాచ్ రోజు డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీసింది నేను. అరవై ఒకటి. భూమన్న నంబర్! పైపు అక్కడే వదిలేసి వచ్చాడు, తడి చెప్పులతో. అందరూ చప్పట్లు కొట్టారు. క్యాప్ పెట్టి ఫోటో తీశారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక ప్రాక్టీస్. అవతల ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని దానికి గురి.

"నడుమల్నే కింద వడితె ఇజ్జత్ పోతది మేడమ్," అనేవాడు.

ఓపెనింగ్‌కి రెండు రోజుల ముందు కమిటీ నుంచి నాకు ఫోన్. స్టాఫ్‌కి డ్రా వర్తించదట. వాళ్లకి సీట్లు కూడా ఉండవట. ఆ రోజు ఎవరో పెద్ద గెస్ట్ వస్తున్నారట.

ఆ రూల్ నా పోస్టర్‌లో లేదు. పోస్టర్ చేసిన నాకు తెలియదా?

"మళ్లీ చీటీ తీయండి. అతనికి మీరే చెప్పండి, మీ లాంగ్వేజే కదా" అన్నారు.

నేను మళ్లీ తీశాను. నేనే వెళ్లి చెప్పాను.

భూమన్న చేతిలో బంతి ఉంది. దాన్ని లుంగీకి తుడిచి నాకిచ్చాడు.

"పోనీయుండ్రి మేడమ్. ఎవలో ఒకలు ఎయ్యాలె గద."

ఓపెనింగ్ రోజు, శుక్రవారం పొద్దున్నే వచ్చి గీతలు గీసింది ఆయనే. చీటీతో పనే లేకుండా బంతి గెస్ట్ చేతికిచ్చారు. అది సగం దూరంలోనే నేల మీద పడింది. అందరూ విజిల్స్. భూమన్న ఫెన్స్ బయట నిలబడి చూశాడు.

నేను మొదటి వరసలో కుషన్ మీద కూర్చున్నాను. అవును, కూర్చున్నాను.

అదే ఏడు డిపెండెంట్ ఫీజు వచ్చింది. భార్యాపిల్లలకు తలకింత అని కట్టాలి. మాలాంటి ఫ్యామిలీలు ఒక్కొక్కటే సర్దుకుని వచ్చేశాయి. భూమన్నకి ఆ దారి కూడా లేదు. ఆయన కంపెనీ సౌదీలని సరిపడా పెట్టుకోలేదని నితాఖాత్ అనే స్థానికుల కోటా లెక్కలో రెడ్‌లో పడింది. తప్పు కంపెనీది. ఆగిపోయింది మాత్రం వర్కర్లకి అక్కడ ఉండటానికిచ్చే ఇకామా రెన్యువల్. ఇకామా పోతే ఇన్సూరెన్స్ కూడా పోయింది. ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా అడిగితే ఈ నెల, వచ్చే నెల అన్నారట.

మొన్న ఛాతీలో నొప్పని క్లినిక్‌కి వెళితే కౌంటర్‌లోనే ఇన్సూరెన్స్ కార్డు చెల్లదన్నారు. తిరిగి లేబర్ క్యాంపుకి వచ్చి గ్యాస్ గోలీ వేసుకున్నాడు. మర్నాడు లేవలేదు.

ఇప్పుడు ఈ కాంపౌండ్ ఫేస్‌బుక్ పేజీలో కమిటీ పోస్ట్ చూడండి. ఆ డ్రా రోజు ఫోటోనే పెట్టారు. "మా కుటుంబ సభ్యుడు, మా నంబర్ వన్ ఫ్యాన్" అని రాశారు. కింద వరసగా దండాలు, గుండె బొమ్మలు.

ఒళ్లు మండిపోయింది.

ఏ కుటుంబం అండీ? పక్కన కూర్చోనివ్వని కుటుంబమా?

రాత్రి ఆయన భార్య రాజవ్వకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత నన్నే అడిగింది.

"మొదటి బంతి నేనే ఏస్తున్ననని ఫోన్ జేసి చెప్పిండు మేడమ్. ఆనాక అడిగితె మాట మార్చిండు. ఏసిండా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. జరిగిందంతా చెప్పాను.



"మరి మీరేమనలేదా మేడమ్?"

అనలేదు. అందుకే ఇప్పుడు పేజీ మొత్తం చూసేలా అంటున్నాను.

భూమన్న ఇంకా ఖోబర్ మార్చురీలోనే ఉన్నాడు. కంపెనీ కాగితాలు ఇవ్వందే కదలడు. ఆ కంపెనీ మేనేజర్ మీలో చాలామందికి తెలుసు, ఆయనతో కలిసి బర్గర్లు తిన్నారు. ఇక్కడ RIP అని టైప్ చేసే ముందు ఆయనకి ఒక్క ఫోన్ చేయండి. చేశాక వచ్చి నాకు చెప్పండి.

భూమన్నా, నన్ను క్షమించండి. మీరు త్వరగా రాజవ్వ దగ్గరికి చేరాలి. మీ ఊరి మట్టిలోనైనా మీకు నెమ్మది దొరకాలి.