నెమలి ముక్కు విరిచింది ఆయన కాదు

సారు చనిపోయిన సంగతి నాకు ధర్మవరంలో, మా చీరల డిజైన్ సెంటరు గడపలో తెలిసింది. "ఏమబ్బా, మీ ముక్కులేని నెమలి సారు పోయినాడంట గదా పెనుకొండలో" అన్నాడు ఓనరు, చెప్పులు విడుస్తూ. అప్పటికే మట్టి చేసి వారం దాటింది. వార్త పాతబడ్డాక నాకు చేరినందుకు బాధపడ్డాను. కానీ అంతకంటే ఎక్కువగా ఆ పేరుకు ఒళ్లు మండింది. అది అబద్ధమని బాగా తెలిసినవాడే దాన్ని నవ్వుతూ పలికాడు.

నేను హిందూపురం వాణ్ణి. ఇంటర్ తప్పి, ఈ సెంటరులోనే పాత కంప్యూటర్లు విప్పి బిగిస్తూ సారు దగ్గర పని నేర్చుకున్నాను. పొద్దున ప్యాసింజరులో నేను హిందూపురంలో ఎక్కితే, సారు పెనుకొండలో ఎక్కేవాడు. ఏ స్టేషన్లో బండి ఆగినా తలుపు దగ్గరికి పోయి, ఎదురుబండి వచ్చిందా అని ఎవరినో ఒకరిని అడిగేవాడు. "బోర్డు మీద రాసుండాది గదా సార్" అంటే, "అది రాసినప్పటి మాటబ్బా. ఇప్పటి మాట అడిగి తెలుసుకోవాల" అనేవాడు.

ఆయన పని కూడా అంతే. పట్టుచీర అంచుల బొమ్మలు ఆయన కంప్యూటర్లో గీసి, తన గదిలోని సర్వరులో దాచేవాడు. పక్క గదిలో ఇంకో కంప్యూటరు ఆ బొమ్మను వైరు గుండా తెచ్చుకుని, మగ్గం ఆ బొమ్మ నేసేందుకు కావలసిన అట్టలకు రంధ్రాలు కొట్టించేది. ఆ రెండోది ప్రతిసారీ సర్వరు దాకా పోకుండా, ఒకసారి తెచ్చుకున్న బొమ్మను తన దగ్గర ఒక కాపీ దాచుకుంటుంది. ఇక్కడ సారు బొమ్మ మారిస్తే అక్కడ దానికి తెలియదు. మూసి మళ్లీ తెరిచినప్పుడు మాత్రం "ఏమన్నా మారిందా?" అని సర్వరును అడుగుతుంది.

అందుకని సారు రెండు గదుల మధ్య గోడలో ఒక ఇటుక పీకించాడు. బొమ్మ మార్చగానే ఆ కంతలో నోరు పెట్టి "మార్చినా!" అని అరిచేవాడు. అవతల మిషను నడిపే అట్టలన్న ఫైలు మూసి, మళ్లీ తెరిచి, "చూసినా!" అని అరవాలి. ఆ మాట వినపడేదాకా సారు కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఎవరైనా నవ్వితే, "నవ్వుకోండప్పా, చీర చెడిపోతే ఏడ్చేది మీరే" అనేవాడు.

ఓనరుకు ఎప్పుడూ స్పీడు కావాలి. "ఏమప్పా, ఎద్దులబండి మాదిరి పోతాండాది మిషను" అని సతాయించేవాడు. "అడిగి తెరుస్తాంది సార్, అందుకే ఆలస్యం. అడగనీండి" అనేవాడు సారు. ఒక రోజు సారు సెలవు పెట్టినప్పుడు ఓనరు బెంగుళూరు నుంచి ఒకతన్ని పిలిపించాడు. తెరిచేటప్పుడు అడగడం మానేసి, తన దగ్గరున్న కాపీనే చాలాసేపు నమ్మేటట్టు అతను ఆ మిషను సెట్టింగు మార్చిపోయాడు. సారుకు ఒక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాత వచ్చిందే పెళ్లిచీర ఆర్డరు. అంచు మీది నెమలి ముక్కు దగ్గర గీత తెగి ఉంటే సారు సరిచేశాడు. "మార్చినా!" అన్నాడు. అట్టలన్న మూసి తెరిచి "చూసినా!" అన్నాడు. తెర మీద అంత చిన్న గీత ఎవరి కంటికీ ఆనదు. మగ్గం మీద సగం చీర దిగాక తెలిసింది, ఏ నెమలికీ ముక్కు లేదని.

సారు అట్టల మిషను ముందు కూర్చుని ఆ సెట్టింగు పట్టుకున్నాడు. ఓనరును పిలిచి చూపించాడు.

"నెమలిని గీసింది ఎవురప్పా? నువ్వే గదా? బెంగుళూరోని మీదికి తోస్తాండావే" అన్నాడు ఓనరు.

"సారు మార్చినాడు సార్, నేను విన్నా" అన్నాను నేను.

"నోరు మూసుకోని నీ పని చూసుకోరా."

అట్టలన్న తల ఎత్తలేదు. సారు టిఫిన్ డబ్బా తీసుకుని స్టేషనుకు నడిచాడు. మళ్లీ రాలేదు. వారం తిరక్కుండానే ఆ బెంగుళూరు మనిషి వచ్చి సెట్టింగు మళ్లీ పాత పద్ధతికి తిప్పాడు. నా కళ్లతో చూశాను. అంటే ఓనరుకు తెలుసు. అయినా ఊళ్లో 'ముక్కులేని నెమలి సారు' అన్న పేరు అలాగే తిరగనిచ్చాడు. గోడ కంతకు సిమెంటు కొట్టించాడు.

సారు పెనుకొండలో జిరాక్స్ అంగడి పెట్టుకున్నాడు. అక్కడికీ వచ్చి, "సారూ, మా కాయితంలో ముక్కు పడుతుందా?" అని ఎగతాళి చేసేవాళ్లు. నాకు కోపమొస్తే ఆయనే ఆపేవాడు. "అననీలేబ్బా. వాళ్ల దగ్గరుండేది పాత కాపీ. మారిందని ఎవురన్నా అరిస్తే గదా తెరిచి చూసేది."

నాకు అన్నం పెడుతున్న ఈ పని ఆయన నేర్పిందే. అందుకే ఆ రోజు గడపలోనే ఓనరును అడిగాను, ఇప్పుడైనా తప్పు ఆయనది కాదని నలుగురికీ చెప్పమని.

"పోయినోనికి ఇప్పుడు పేరెందుకబ్బా? మిషన్లు బాగా నడుస్తాండాయి గదా" అని లోపలికి పోయాడు.

నేను సారు గదిలోకి పోయాను. రంగు వేయని ఆ సిమెంటు మరకకు నోరు ఆనించి, బలంకొద్దీ "మార్చినా!" అని అరిచాను.

అవతల అట్టల మిషను టక్కున ఆగింది. అన్న విన్నాడు. గోడకు చెవి పెట్టి నిలబడ్డాను, "చూసినా!" అన్న ఆ ఒక్క మాట కోసం.  ఆ మాటకు బదులు మిషను మళ్లీ మొదలైంది.