మలుపులో మోగని గంట

ట్రామ్ లైను మీద ఆమెను అందరూ వదిన అనేవాళ్ళు. తల నెరిసినవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత ఆ పిలుపే ఆమెకు పేరైపోయింది. అసలా ట్రామ్ ఆమెది కాదు, మొగుడిది. యుద్ధమే రాకపోతే కుట్టుమిషను ముందు కూర్చుని, ఇరుగుపొరుగు పిల్లలకు గౌన్లు కుట్టిపెడుతూ, అత్తగారితో రోజుకో తగువు పెట్టుకుంటూ ఆమె హాయిగా ముసలిదయ్యేది.

యుద్ధం ఎలా వచ్చిందో చెప్పడం కష్టం, ఎందుకొచ్చిందో చెప్పడం ఇంకా కష్టం. ఎక్కడో దూరాన రెండు చిన్న దేశాల మధ్య సరిహద్దు దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకదానికి అండగా ఉంటామని కొన్ని పెద్ద దేశాలు ఎప్పుడో మాటిచ్చాయి. రెండోదానికి ఇంకొన్ని ఇచ్చాయి. అంతే, అందరికీ ఒకేసారి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఆకలిగొన్నవాడికి ఇంత అన్నం పెడతామన్న మాట మాత్రం ఏ దేశానికీ ఇంత గట్టిగా గుర్తుండదు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయంటారు. ఈసారి ఏ ఇంట్లోనూ విరగని కాలు లేదు.

వదిన మొగుణ్ణి వీధంతా డ్రైవరనే పిలిచేది. మొదటి విడతలోనే ఆయనకు పిలుపు వచ్చింది. రైలు స్టేషను దాకా తోటి కుర్రాళ్ళను తన ట్రామ్‌లోనే ఎక్కించుకుని, తనే నడుపుకుంటూ వెళ్ళాడు. వాళ్ళు పాటలు పాడుతుంటే కాలి కింది గంటతో తాళం వేశాడు. ట్రామ్ డ్రైవరుకు కాలి దగ్గర ఒక గంట ఉంటుంది. మలుపు వచ్చినా, పట్టాల మీదికి మనిషి వచ్చినా దాన్ని తొక్కాలి. వాళ్ళుండే మేడ గది సరిగ్గా మలుపు మీదే ఉంది. ఆయన అక్కడ ఎప్పుడూ ఒకసారి ఎక్కువే తొక్కేవాడు. అది ఇంట్లో ఆడవాళ్ళకు పలకరింపు.

"చలి ముదిరేలోపు వచ్చేస్తానే" అన్నాడు వెళ్ళేముందు.

చలి ముదిరింది, విరిగింది, మళ్ళీ ముదిరింది. యుద్ధం సముద్రాల మీదికి పాకింది. పటంలో చూపించమంటే బడిపంతుళ్ళు కూడా తడుముకునే చోట్లకు మన పిల్లలు చావడానికి వెళ్ళారు. నిన్న అటు జట్టులో ఉన్న దేశం ఇవాళ ఇటు దూకేది. నిన్నటిదాకా తిట్టిన నోళ్ళతోనే జనం దానికి జేజేలు కొట్టాలి. కరెంటుకు కోత వచ్చింది. ఫిరంగులకు ఇనుము కావాలని చెరువుగట్టు వైపు లైను పట్టాలు పెరికి పట్టుకుపోయారు. డిపోలో మగవాళ్ళు కరువయ్యారు. అప్పుడు డిపో పెద్దాయన ఒక కట్టుబాటు పెట్టాడు. వెళ్ళినవాడి సీటు వాడిదే, వాడు తిరిగొచ్చేదాకా వాడింటి మనిషి ఆ సీటు కాయవచ్చు.

అలా వదిన సీటెక్కింది. మొదటిరోజు ఆమె బ్రేకు పట్టిన తీరుకు నిలబడ్డవాళ్ళంతా కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పడ్డారు. "ఏంటి వదినా, వీళ్ళందరికీ ఇవాళే సంబంధాలు కుదిర్చేస్తావా?" అని అరిచింది కండక్టరు చిల్లరక్క. చిల్లర కోసం రోజంతా నోరు చేసుకుంటుంది కాబట్టి ఆవిడకు ఆ పేరు. ట్రామంతా నవ్వింది. కరువు రోజుల్లో అంత నవ్వు దొరకడమే గొప్ప.

ఆఖరి ఏడాదిలో డ్రైవరు తిరిగొచ్చాడు. కందకం మీద ఫిరంగి గుండు పడి మట్టిలో కప్పబడిపోతే తవ్వి తీశారట. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి. "నీ పసుపుకుంకాలు చల్లన, అదృష్టవంతురాలివి" అన్నారు వీధిలో ఆడవాళ్ళు. వాళ్ళలో కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు, వాళ్ళకేం చెబుతుంది? గంట మోగితే చాలు, ఆయన మంచం కింద దూరేవాడు. ఆసుపత్రి డాక్టరు మాత్రం ధైర్యం చెప్పి పంపాడు: "కొన్నాళ్ళకి ఆ చప్పుడు మీ చెవికి ఆనడం మానేస్తుంది. అప్పుడు నయమైనట్టే."

సంధి కుదిరిన రోజు ఊళ్ళో ఉన్న ట్రామ్‌లన్నీ ఒక్కసారిగా గంటలు మోగించాయి. వదిన పరుగున ఇంటికొచ్చింది. ఆయన మంచం కింద దుప్పటి నోట్లో కుక్కుకుని ఉన్నాడు. అత్తగారు నేల మీద కూర్చుని, బయటికి కనబడుతున్న కొడుకు పాదాన్ని నిమురుతోంది.

"అయిపోయిందట్రా నాన్నా. మనమే గెలిచామట" అంటోంది.

ఆ మర్నాడే డిపో పెద్దాయన కబురు చేశాడు. తిరిగొచ్చినవాళ్ళు త్వరలో ఒకసారి నడిపి చూపించాలి, నడిపితే సీటు వాళ్ళది. డ్రైవరు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "ఆ సీటెక్కితే మళ్ళీ మనిషినవుతానే" అన్నాడు. ఈయన ఆ సీటెక్కాలి, అంతకంటే వదినకు దేవుణ్ణి అడగవలసింది మరొకటి లేదు.

అప్పుడు ఆమె చేసిన పని ట్రామ్‌వాళ్ళకు తప్ప వేరెవరికీ తోచదు. లైను మీద నడిపే ఆడవాళ్ళందరినీ చేతులు పట్టుకుని బతిమాలింది, మా మలుపులో గంట కొట్టకండమ్మా అని. ఒక్కరూ కాదనలేదు. ఆ మలుపు రాగానే ట్రామ్‌ను నత్తనడక నడిపించి, "జరగండి బాబూ, జరగండి!" అని గొంతు చించుకునేవాళ్ళు.

కిటికీ దగ్గర డ్రైవరు మెల్లగా తేరుకున్నాడు. తిండి సహించింది. తన గడ్డం తనే గీసుకున్నాడు. అమ్మతో వేళాకోళాలాడాడు. ఒకరోజు వదిన రాగానే ఎదురొచ్చాడు.

"ఏమే, డాక్టరు చెప్పింది నిజమే! ట్రామ్‌లు పోతూనే ఉన్నాయి, గంట నా చెవికే ఆనడం లేదు!"

అత్తగారు కోడలి వంక చూసి, నిజమేరా అని తలూపింది. జన్మలో మొదటిసారి అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉన్నారు, అదీ అబద్ధం మీద.

"చెప్పెయ్యి వదినా" అంది మర్నాడు ట్రామ్‌లో చిల్లరక్క.

"నాలుగు ముద్దలు తింటున్నారక్కా. ఇంకొంచెం ఒంట పట్టనీ" అంది వదిన.

ఆ ఇంకొంచెం కాస్తా పరీక్షరోజు దాకా సాగింది. ఆ పొద్దున డ్రైవరు ఇస్త్రీ కోటు తొడుక్కుని సీటెక్కాడు. డిపో ఆవరణలో ట్రామ్‌ను ఎంత మెత్తగా కదిలించాడంటే ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఎవరికి తెలుసు, నిజంగానే తగ్గిందేమో అని వదినకు ప్రాణం లేచొచ్చింది. గేటు దాటేముందు గంట కొట్టాలి. ఆయన పాత అలవాటు కొద్దీ ధీమాగా తొక్కాడు.

ఠంగుమంది. మనిషి సీట్లోంచి జారి కిందికి ముడుచుకుపోయాడు. ట్రామ్ కదులుతూనే ఉంది. వదిన ఎగిరి ఎక్కి బ్రేకు లాగింది. ఆయన రెండు చేతులూ ఆమె చీలమండను పట్టుకున్నాయి. వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఇది ఇంత గట్టిగా మోగుతుందా?" అన్నాడు చివరికి.

"ఎప్పుడూ ఇంతేనండి."

"మరి మన మలుపులో?"

ఇక దాచలేకపోయింది. "నేనే వద్దన్నాను. అందరినీ బతిమాలి మాన్పించాను."

ఆయన ఆ ఆడవాళ్ళ వంక చూశాడు. ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. తిడతాడని, చెయ్యెత్తుతాడని వదిన ఎదురుచూసింది. అలా చేసినా బాగుండేది.

"నాకు నిజంగా తగ్గిందనుకున్నానే" అన్నాడు.

డిపో పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, సీటు వదినే చూసుకుంటుందిలే అన్నాడు. పనికి పోయే జనం బయట స్టాపులో కాచుకుని ఉన్నారు. డ్రైవరు కోటు దులుపుకుని లేచి, వెనక బెంచీ మీద కూర్చున్నాడు. వదిన సీటెక్కి ట్రామ్‌ను గేటు దాకా తెచ్చింది. అక్కడ కాలు గంట మీద ఆగిపోయింది. చిల్లరక్క దిగి, దారిలో జనాన్ని తప్పించడానికి ముందుకు నడవబోయింది.

"కొట్టు" అన్నాడు వెనకనుంచి.

"వద్దండీ."

"కొట్టవే. ఇంక నాతో దొంగాటలొద్దు."

ఆమె తొక్కింది. వెనక బెంచీ దగ్గర ఏదో దభీమని పడిన చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే ఇంకెప్పటికీ తొక్కలేనని తెలిసి, కళ్ళు తుడుచుకోకుండానే ట్రామ్‌ను వీధిలోకి పోనిచ్చింది.