గంధకపు నీళ్లు

కరోనా రోజుల్లో ఇంటి చుట్టుపక్కలే నడవాలన్న నిబంధన వల్ల, ఐర్లండ్‌లోని లూకన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే గంధకపు నీటి ఊట ఒకటుందని తెలిసింది. ఆ నీళ్లు తాగితే కీళ్ల నొప్పుల నుంచి దగ్గు దాకా అన్నీ తగ్గుతాయని పంతొమ్మిదో శతాబ్దంలో ఒక డాక్టరు రాశాడట. అది చదివి నేనూ మా ఆయనా కడుపుబ్బ నవ్వుకున్నాం. మందుల ఫ్యాక్టరీలో నీటిని పరీక్షించే కెమిస్టుని నేను.

తర్వాత ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా ఆయనకు కరోనా వచ్చింది. ఆయన పైగదిలో ఒంటరిగా దగ్గుతుంటే, గుమ్మం దగ్గర అన్నం పెట్టి రావడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. ఒక ఉదయం సీసా పట్టుకుని ఊట దగ్గరికి వెళ్లాను. కాచితే గుణం పోతుందని ఆ డాక్టరు రాశాడు కాబట్టి కాచకుండానే ఇచ్చాను.

జబ్బుతో వాసన తెలియని ఆయన గటగటా తాగేశారు. ఖాళీ గ్లాసు తీసుకుని మెట్లు దిగుతుంటే మా అమ్మాయి ముక్కు మూసుకుంది.

"మామ్, దట్ స్టింక్స్! రాటెన్ ఎగ్స్!"

ఆ అరుపు ఆయనకు వినబడింది. "ఏం నీళ్లవి?" అన్నారు తలుపు వెనకనుంచి.

చెప్పాను.

"టెస్ట్ చేశావా?"

"లేదండీ."

కాసేపు దగ్గి, "పోనీలే, భయమేసుంటుంది నీకు," అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ నీళ్ల వల్ల మంచీ జరగలేదు, చెడూ జరగలేదు. జబ్బు మెల్లగా దానంతటదే తగ్గింది. మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లినరోజు, పరీక్షించిన నీళ్ల సీసా మీద సంతకం పెట్టడానికి నాకు సిగ్గేసింది.